చుక్కల పని

బేరింగు ఉడుంపట్టు పట్టింది.

మేస్త్రీ కొట్టే దెబ్బలకి షెడ్డు రేకులు అదురుతున్నాయి కానీ, వ్యాను వెనక ఇరుసు మీది బేరింగు మాత్రం ఇసుమంతైనా కదలడం లేదు.

"ఇంకా ఎంతసేపన్నయ్యా? సాయంత్రంలోగా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు," అంది చెల్లెలు. సామాను మూటల మీద కూర్చుని పిల్లలిద్దరూ కొట్టుకుంటున్నారు.

"చస్తే రానంటోందే! నీకన్నా మొండిది."

"దెబ్బలకి రాదు బాబూ. ముందు ఆ రింగు చీల్చాలి."

గుమ్మంలో ఎవరో పెద్దాయన, భుజాన సంచీతో. మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని, తాగడం మరిచి ఇరుసునే చూస్తున్నాడు.

బేరింగు జారకుండా పక్కన బిగించే ఉక్కు రింగు అది.

"చీల్చేస్తే మళ్ళీ ఏం వెయ్యను, నా తలకాయా? కొత్తదాని కోసం బజారుకి పోయొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది," అన్నాడు మేస్త్రీ.

"పాతదే మళ్ళీ వేస్తే వదులుగా ఉంటుందే!" అన్నాడు పెద్దాయన.

"ఇరుసు మీద పంచ్ మొనతో చుట్టూ చుక్కలు కొడితే సరి. గరుకెక్కి రింగు పట్టేస్తుంది. మా గురువు నేర్పిన పని. ఎన్ని బళ్ళకి చేశానో!"

పెద్దాయన ముఖం పాలిపోయింది.

"ఈ బండిలో ఎవరు వెళతారు?"

"మా చెల్లెలూ, పిల్లలూ."

"వద్దు బాబూ, నీకు దణ్ణం పెడతాను. దూరం పోయి వేడెక్కితే ఆ రింగు వదిలేస్తుంది. చక్రం ఇరుసుతో సహా బయటికొచ్చేస్తుంది."

"బయల్దేరే ముందు ఆ అపశకునపు మాటలేంటయ్యా! నీళ్ళు తాగి దయచెయ్యి."

రింగు చెడకుండా లాగడానికి మేస్త్రీ పక్క షెడ్డుకి పుల్లర్ కోసం వెళ్ళాడు. తిరిగొస్తుంటే ఠంగుమని చప్పుడు.

పెద్దాయన సంచీలోంచి సొంత ఉలి తీసి, రింగుని నిలువునా చీల్చేశాడు. అంతసేపూ మొండికేసిన బేరింగు బుద్ధిగా జారి వచ్చింది.

మేస్త్రీకి అదేం కనబడలేదు. ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన చొక్కా పట్టుకుని వీధిలోకి గెంటేశాడు.

"నీకేం ద్రోహం చేశానయ్యా? నా చెల్లెలి నోటి దగ్గర కూడు తీసేశావు కదా!"

పెద్దాయన పిల్లలకేసి ఒకసారి చూసి, "కొత్తదే వెయ్యి బాబూ," అంటూ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇక గత్యంతరం లేదు. మేస్త్రీ తిట్టుకుంటూ స్పేర్ పార్టుల కొట్టుకి పరిగెత్తాడు.

"ఎవడో పిచ్చోడు బాబాయ్! నిక్షేపంలాంటి రింగుని చీల్చి పారేశాడు. నాకే చుక్కల పని చెయ్యొద్దంటాడు!"

కొట్టాయన కొత్త రింగు తీస్తూ ఆగిపోయాడు.

"సంచీలో ఉలి పెట్టుకు తిరిగే పెద్దాయనేనా?"

"ఆ, వాడే. గెంటేశాను."

"అయ్యో, ఎంత పని చేశావురా! ముందెళ్ళి ఆయన్ని పిలుచుకురా."

ఆ గొంతు విని మేస్త్రీ బస్టాండు దాకా పరిగెత్తాడు. పెద్దాయన ఎక్కడా లేడు. రోడ్డు మీద బళ్ళు పోతూనే ఉన్నాయి. ఎప్పుడూ లేనిది, మేస్త్రీ కళ్ళు ప్రతి బండి వెనక చక్రం మీదికీ పోయాయి. వాటిలో తను చుక్కలు కొట్టినవి ఏవో, ఎవరెవరు కూర్చున్నారో! భయమేసింది.

ఒగరుస్తూ కొట్టుకి తిరిగొచ్చాడు.

"వెళ్ళిపోయాడు బాబాయ్. ఇంతకీ ఎవరాయన?"

"ఊరూరా షెడ్లు తిరుగుతాడు. ఆ పని మానండని కాళ్ళావేళ్ళా పడతాడు. అందరూ నీలాగే తరిమేస్తారు."

"ఆయనకెందుకంత బాధ?"

కొట్టాయన రింగుని మేస్త్రీ చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఆ చుక్కల పని కనిపెట్టి మీ గురువులందరికీ నేర్పిందే ఆయనరా, అలా తన చేత్తో బిగించిన బండిలోనే కన్నకూతుర్ని కడసారి సాగనంపాడు."