రెండు చేపలకో హీటర్

"తొట్టి ఎన్ని లీటర్లదక్కా?" అని అడిగాడు రాజ్‌కుమార్.

"యాభై పడ్తయన్నడు మా ఆయన" అంది మంజుల. "మూడు ఏంజెల్ చేపలుండె. మొన్న పొద్దుగాల ఒకటి సచ్చి తేలింది. నీళ్లు మంచు లెక్కున్నయి."

కోరుట్ల బస్టాండు పక్క సందులో ఉంది రాజ్‌కుమార్ అక్వేరియం దుకాణం. వదిన వెనక నిలబడ్డ రమేశ్ అతడి ముఖం వైపే చూస్తున్నాడు. నోరు జారకు తమ్మీ అని కళ్లతోనే బతిమాలుతున్నాడు. విషయం రాజ్‌కుమార్‌కూ తెలుసు.

రమేశ్ వాళ్లన్న, మంజుల మొగుడు నరేశ్ దుబాయ్‌లో పోయి తొమ్మిది రోజులైంది. డ్యూటీ నుంచి వచ్చి రూములో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. కాగితాలన్నీ అయ్యి శవపెట్టె హైదరాబాదులో దిగేది గురువారం. గల్ఫ్ చావులకు ఈ ఊళ్లలో ఒక పద్ధతుంది. మంచిదో చెడ్డదో దేవుడికే తెలియాలి. పెట్టె గడప ముందుకు వచ్చేదాకా పెళ్లానికి చెప్పరు. అన్ని రోజులు ఏడ్చి ఏడ్చి ఆమె ఎక్కడ పోతుందోనని భయం. ఊరు ఊరంతా నోరు కట్టేసుకుంటుంది. డిస్‌ప్లే పోయింది, బాగుచేయిస్తానని రమేశ్ వదిన ఫోన్ తీసుకుపోయి బీరువాలో దాచాడు. చుట్టాల రాకపోకలు చూసి అనుమానపడుతుందేమోనని, అన్నకు లీవు దొరికింది, గురువారం వస్తున్నాడని ఇంకో అబద్ధం ఆడాడు.

అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ఆయన వచ్చేసరికి మిగిలిన రెండు చేపలన్నా బతికుండాలంటూ ఈ ఆదివారం వదిన బండెక్కి కూర్చుంది. వద్దనడానికి రమేశ్‌కు నోరు రాలేదు.

"చలికి ఆగయక్కా ఇవి. గోల్డ్ ఫిష్ అయితే ఏం కాకపోవు. ఏంజెల్‌కు నీళ్లు ఇరవయ్యారు డిగ్రీలుండాలె." రాజ్‌కుమార్ రెండు హీటర్లు బల్ల మీద పెట్టాడు. "ఇది ఇరవై అయిదు వాట్లది, నీ తొట్టికి సాలది. గిది యాభయిది. వేడి సరిపోంగనే దానంతటదే బందైతది."

"బందు కాకుంటే?"

"చేపలు ఉడుకుతయి. అందుకే అగ్గువ మాల్ అమ్మ నేను."

"కరెంటు పోతే?"

"రెండు మూడు గంటలకు ఏం కాదు. నీళ్లు మార్చేటప్పుడు మాత్రం ప్లగ్గు తియ్యాలె. లేకుంటే గాజు పగుల్తది."

మంజుల వెనక్కి తిరిగింది. "విన్నవా రమేశ్? ప్లగ్గు నువ్వే తియ్యాలె. మర్సిపోకు."

నువ్వే ఉంటవు గద అనబోయి ఆగిపోయాడు రమేశ్. మొగుడు ఇంట్లో ఉన్నన్నాళ్లు చేపల ధ్యాస ఉండదనుకుంటోంది కాబోలు, పాపం.

"ఫిల్టర్ సుత కావాలె" అంది మంజుల.

రాజ్‌కుమార్ స్పాంజి ఫిల్టర్ చూపించాడు. "ఇది మంచిదే. కాకుంటే వారానికోసారి స్పాంజి పిండాలె, అదీ తొట్టి నీళ్లల్లనే. నల్లా నీళ్లు తగిలితే అండ్ల ఉండే మంచి బ్యాక్టీరియా సస్తది."

"వారానికోసారి కుదరది. పన్నెండు దినాలు ఎవ్వలు ముట్టకున్నా నడువాలె. అసొంటిది లేదా?"

"పన్నెండు దినాలా? ఎటన్న పోతున్నరా అక్కా?"

"ఏడికి పోత? ఇంటి నిండ చుట్టాలుంటరు. నాకు తీరది."

రమేశ్‌కు ప్రాణం చివుక్కుమంది. అన్న లీవుకొచ్చిన ప్రతిసారీ ముందు కొండగట్టు, అటునుంచి వేములవాడ, ఆ తర్వాత చుట్టాల ఇళ్లు. ఆ రోజులన్నీ వదిన ఇప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఉంటుంది. ఆ చావేదో తనకొచ్చినా బాగుండేదనిపించింది.

రాజ్‌కుమార్ తలెత్తకుండా అరలోంచి తొట్టి అంచుకు తగిలించే ఫిల్టర్ ఒకటి తీశాడు. "గిది నెల దాక ముట్టే పనిలేదు. నీళ్లు పైకి గుంజి, వడగట్టి, మల్ల తొట్టిలనే పోస్తది. నరేశన్న పోయినసారి గిదే అడిగిండు పాపం."

రమేశ్ వదిన వెనక నుంచే అతడికి కళ్లెర్రజేశాడు.

"పాపమేంది?" అంది మంజుల.

"అదే అక్కా, అప్పుడు స్టాకు లేకుండె. ఉత్త చేతుల్తోని పోయిండు. గందుకన్న."

మంజుల అతడిని కాసేపు అలాగే చూసింది. "సరే, గిదే కట్టియ్యి" అంది.

బయట గాజులమ్మే ముసలామె పిలిచింది. "రా బిడ్డా, కొత్త రకాలచ్చినయి."

"ఉన్నయి సాలు" అని మంజుల తలొంచుకుని బండి దగ్గరికి నడిచింది. రమేశ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గురువారం ఆ గాజులు ఏమవుతాయో అతడికి తెలుసు.

ఇంట్లో ఏడేళ్ల అనూష తొట్టి ముందే కూర్చుని ఉంది. చేప చచ్చినప్పటి నుంచి ఆ పిల్ల సరిగ్గా అన్నమే తినడం లేదు. రమేశ్ ఫిల్టర్ తగిలించి, హీటర్‌ను నీళ్లలో నిలబెట్టి స్విచ్చి వేశాడు. ఎర్ర లైటు వెలిగింది. చాలాసేపటికి, మూలన బిగుసుకుపోయి ఉన్న రెండు చేపలూ మెల్లగా కదిలాయి.

"అమ్మా, డాడీ అచ్చేదాక ఇవి సావయి గద?"

"సావయి బిడ్డా. ఇగ ఒక్కటి సుత సావది" అంది మంజుల, కూతురి తల నిమురుతూ.

ఇక అక్కడ నిలబడడం రమేశ్ వల్ల కాలేదు. చేతులు కడుక్కునే సాకుతో వాకిట్లోకి వచ్చి నీళ్ల గోలెం దగ్గర కూలబడ్డాడు. నోట్లో తువ్వాల కుక్కుకుని ఏడ్చాడు. చెప్పేయాలి. ఊరోళ్లు ఏమన్నా అనుకోనీ, ఈ నాటకం ఇంక తన వల్ల కాదు. కళ్లు తుడుచుకుని లేచేసరికి ఎదురుగా వదిన నిలబడి ఉంది.

"వదినె, నీకొక మాట చెప్పాలె" అన్నాడు.

ఆమె ఒకసారి లోపలికి చూసి, తలుపు దగ్గరికి వేసింది.

"అనూషకు మాత్రం పెట్టె అచ్చేదాక చెప్పకు."