కాలవ అవతల

"పాము శవం చూపించండి, దిగుతాం. లేదంటే ఇవ్వాళ్టికి ఇంటికే," అంది రావమ్మ.

నాట్లు వేసే ముఠాకి ఆమే మేస్త్రి. ఆమె వెనక గట్టు మీద పన్నెండు మంది ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని నిలబడ్డారు. ఒక్క కాలూ బురదలో పడలేదు.

చేనుగల శివపార్వతికి ఒళ్ళు మండింది. చేను దమ్ము చేసి ఉంది. పీకిన నారు కట్టలు కట్టలుగా పడి ఎండకి వాడిపోతోంది. తెల్లారితే కాలవ నీళ్ళ వంతు అయిపోతుంది. ఇవాళ నాటకపోతే ఈ ఏటికి పంట లేనట్టే.

"ఒక్క పాముకి ఇంతమంది జడుసుకుంటారా?"

"మీరు గట్టు మీద చెప్పులేసుకుని అడుగుతున్నారు. మేం బురదలో వట్టికాళ్ళతో నిలబడాలి," అంటూ దానమ్మ ముందుకొచ్చి పాదం ఎత్తి చూపించింది. రెండు వేళ్ళు లేవు. "పోయినేడు రక్తపింజర పెట్టిన బహుమానం ఇది. ఇప్పుడు చూసిందేమో తాచు. నారు కట్టల కింద ఇంతెత్తు పడగ లేపింది."

"విఠల్‌కి ఫోన్ చేశా. ఆటోనగర్లో లారీ మెకానిక్కు. పాముల్ని పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. పట్టుకెళ్ళి వదిలేస్తాడు," అంది శివపార్వతి.

"వదిలేస్తే మళ్ళీ వచ్చిద్దండీ. చంపాల్సిందే. మేం టీ తాగి వస్తాం, ఈలోపు మీరు ఆ పని చూడండి," అంది రావమ్మ.

ముఠా మొత్తం రోడ్డు మీది టీ బండి వైపు నడిచింది.

విఠల్ వచ్చాడు. కొక్కెం కర్రతో ఒక్కో కట్టా తప్పించాడు. తాచు బుసకొట్టింది. అతను తొందరపడలేదు. వెంట తెచ్చిన పైపుని దాని ముందు పెట్టాడు. పైపు రెండో మూతికి కట్టిన సంచిలోకి అదే జారుకుంది. మూతి బిగించి కట్టాడు.

"చంపెయ్ బాబూ, గొడవ వదిలిపోయిద్ది," అంది శివపార్వతి.

"చంపితే మీ కంకులు ఎలుకలు తింటాయండీ. ఎలుకల్ని మింగేది ఇదేగా! మరీ దూరం తీసికెళ్తే బతకదు. దగ్గర్లో ఎక్కడ వదలమంటారో చెప్పండి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి చెయ్యి చాపి చూపించింది. అతను సంచి తగిలించుకుని బండి మీద అటే వెళ్ళాడు.

ముఠా తిరిగొచ్చింది.

"చచ్చిందాండీ?" అంది రావమ్మ.

"చచ్చింది. దిగండి," అంది శివపార్వతి తల తిప్పుకుని.

"శవమేదీ?"

"కాలవలో పారేయించా."

ఆడవాళ్ళందరూ గుండెల మీద చేతులు వేసుకున్నారు.

"పారేయించారా! నోట్లో రాగిపైస పెట్టలేదూ?"

"లేదు."

"పాలు పోసి దహనం చెయ్యలేదూ?"

"పాముకి దహనమేంటి రావమ్మా!"

"తాచుని చంపి చచ్చిన ఎలకని విసిరేసినట్టు విసిరేస్తారా? దాని జంట ఊరుకుంటుందా? పగబట్టి వెతుక్కుంటా వచ్చిద్ది. మొదట కరిచేది మమ్మల్నే. పదండే, పోదాం!"

"చంపమన్నది నువ్వేగా?"

"చంపమన్నా. సంస్కారం చెయ్యొద్దన్నానా?"

క్యారేజీలు చేతుల్లోకి వచ్చాయి. ముగ్గురు అప్పుడే రోడ్డు ఎక్కేశారు. శివపార్వతి పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది.

"చంపలేదు తల్లీ! అబద్ధం చెప్పా. బతికే ఉంది."

"ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని ఏంటి నమ్మకం?" అంది దానమ్మ.

శివపార్వతి వెంటనే విఠల్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "నిక్షేపంలా ఉందమ్మా," అన్నాడతను. "సంచి మూతి విప్పగానే గడ్డిలోకి దూరిపోయింది. చిన్న గాయం కూడా కాలేదు."

రావమ్మ రెండు చేతులూ జోడించి నాగేంద్రుడికి దణ్ణం పెట్టింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగదండీ! అనవసరంగా అరగంట పాడు చేశారు," అని చీర ఎగదోసి చేలో దిగింది. వెనకే పన్నెండు మందీ దిగారు.

నడుములు వంగాయి. మునుం పట్టిన వరస ముందుకి సాగింది. మధ్యాహ్నానికి సగం చేను పచ్చబడింది. ఎవరో ఎవరినో ఎగతాళి చేశారు, అందరూ పగలబడి నవ్వారు. శివపార్వతికి పొద్దున్నుంచీ పట్టేసిన మెడ వదులైంది. పాము బతికింది. పంట బతికింది. మనుషులకి ఏమీ కాలేదు. ఇంతకంటే న్యాయంగా ఎవరు తీర్చగలరు అనుకుంది. రేపు ఈ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పాలనుకుంది.

"ఇంతకీ దాన్ని ఎక్కడ వదిలించారండీ?" అంది రావమ్మ నడుమెత్తకుండానే.

"మీకేం భయం లేదు, ఈ చేలోకి రాదులే," అని శివపార్వతి మళ్ళీ చెయ్యి చాపింది. "కాలవ అవతల, రామకోటేశ్వరరావుగారి చేలో."

చేతులన్నీ ఆగిపోయాయి. దానమ్మ పట్టుకున్న నారు జారి నీళ్ళలో పడింది.

రావమ్మ మెల్లగా నడుమెత్తి అటు చూసింది.

"రేపు మేం దిగేది ఆ చేలోనేనండీ."