పడవ ఎక్కని ఊరు

వెంకటనారాయణ గారి పుస్తకం సోమవారం ప్రెస్సుకు వెళ్లాలి. భద్రాచలం వరదల మీద నాలుగు వందల పేజీలు. రిటైరయ్యాక పదిహేనేళ్లు కూర్చుని రాశారు. ఏ ఏడాది నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అంగుళాలతో సహా ఉంది.

టైపు చేస్తున్న మనవరాలు హర్షిత రెండు వందల పదకొండో పేజీ దగ్గర ఆగింది.

“దుమ్ముగూడెం పైనున్న గూడెం వాళ్లు పడవ పంపినా ఎక్కలేదు, పదకొండు మంది పోయారు, కారణం మూఢనమ్మకం అని రాశారు. ఏం మూఢనమ్మకం తాతయ్యా?”

“ఏదో ఒకటి ఉండే ఉంటుందమ్మా. లేకపోతే ఎందుకెక్కరు?”

“వాళ్లనడిగారా?”

అడగలేదు. పడవ తీసుకెళ్లిన అధికారి ధైర్యం గురించి మాత్రం మూడు పేజీలున్నాయి. పేరు లేదు గానీ, ఆయన గొంతు పోయేదాకా పిలిచాడట.

హర్షిత మొండిది. శనివారం ఆయన్ను కారులో కూర్చోబెట్టి గూడేనికి తీసుకెళ్లింది.

రామక్క వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. డెబ్బై దాటిన మనిషి. పోయిన పదకొండు మందిలో ఆమె భర్త దూలయ్య ఒకడు. పడవ ఎక్కొద్దని ఊరందరికీ చెప్పింది కూడా అతనే.

వెంకటనారాయణ గారు టోపీ తీసి బట్టతల తుడుచుకున్నారు. రామక్క ఆయన్ను కాసేపు చూసింది. తర్వాత మంచం వాల్చింది.

“పోయినేడు పేపర్ల మా పడవ సంగతి రాసింది మీరేనా సారూ? మా మనవరాలు శ్యామల చదివింది. తాత గంత తెలివిలేనోడా అనడిగింది. ఏం చెప్పాలో నాకు తెల్వలే.”

“పుస్తకంలో దిద్దుదామనే వచ్చాం అవ్వా,” అంది హర్షిత. “ఎందుకు ఎక్కలేదు?”

రామక్క పువ్వు ఎండబోస్తూనే చెప్పింది.

“వరదకు పదేండ్ల ముందు ఊర్లకు లారీ వచ్చింది. ఒక సారు దిగిండు. ఎక్కుండ్రి, మీ మంచికే, దుప్పట్లిస్తమన్నడు. మొగోళ్లు ఎక్కిండ్రు. పెండ్లిగాని పోరలు గూడ ఎక్కిండ్రు.”

“తర్వాత?”

“తెల్లారి దించిపోయిండ్రు. దుప్పట్లు తెచ్చుకున్నరు. వంగి వంగి నడిచిండ్రు. పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసిండ్రని మాకు నెలకు ఎరుకయింది. మల్ల ఎన్నేండ్లకో గాని ఊర్ల ఉయ్యాల కట్టలే. నాకు అప్పటికే ఒక కొడుకుండె. గందుకే ఇయ్యాల శ్యామలున్నది.”

హర్షిత రాయడం ఆపేసింది.

“వరదప్పుడు గదే సారు పడవల వచ్చిండు. గదే మాటన్నడు. ఎక్కుండ్రి, మీ మంచికే అని. మా ఇంటాయన వద్దన్నడు. గుట్టెక్కుదాం పాండ్రన్నడు. ముందు నడిచినోళ్లం బతికినం. ముసలోళ్లను మోసుకొస్తున్నోళ్లు ఎనకబడ్డరు. ఆయన గూడ ఎనకనే ఉండె.”

హర్షితకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది.

“తాతయ్యా, ఆ మూఢనమ్మకం మాట తీసేద్దాం. ఇదంతా రాద్దాం. ఆ అధికారి పేరుతో సహా.”

వెంకటనారాయణ గారు కళ్లజోడు తీసి తుడిచారు. అప్పటికే ఒకసారి తుడిచారు.

“చరిత్రకు ఆధారం కావాలమ్మా. యాభై ఏళ్ల కిందటి మాట. ఆ మనిషి ఎవరో ఈమెకు గుర్తుండొద్దూ?”

రామక్క లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి, ఆయన చేతికిచ్చింది.

“గుర్తులేకేంది,” అంది. “అప్పుడు మీకు నెత్తి నిండ ఎంటికలుండె సారూ.”