తలల్లేని బెండకాయలు

“ఒరేయ్, అది రంగులో ముంచాల్సిన బెండకాయరా! నోట్లో పెట్టుకోకు!”

డ్రాయింగ్ టీచర్ పరుగున వచ్చేలోపే బుడంకాయ అనే బుడతడు సగం నమిలేశాడు. పెదాలు నీలం, పళ్ళు నీలం. వాడి పక్కనే మిరపకాయ అనే పిల్ల సగానికి కోసిన ఉల్లిపాయని ఎర్రరంగులో ముంచి, ముందు బెంచీ వాడి తెల్లచొక్కా మీద దబ్బున అద్దింది. ఒకటో తరగతి గది చేపల బజారులా ఉంది.

“టీచర్! నా వీపు మీద ఉల్లిపాయ!”

“టీచర్! వీడు నా బంగాళాదుంప ఇవ్వట్లేదు!”

“టీచర్, బెండకాయ బాగుందండి. ఇంకోటుందా?” అన్నాడు బుడంకాయ.

ఆమె నెత్తి పట్టుకుంది. రేపే శుక్రవారం. ఈ కోతిమూకతో తన ఉద్యోగం నిలబడినట్టే!

ఆమె ఈ బళ్ళో చేరింది సోమవారమే. అదే రోజు ఒకటో తరగతి టీచర్ బాత్రూమ్‌లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్ వరండాలో ఎదురొచ్చి, ఒక చెవికి ఫోను ఆనించుకుని ఉండగానే పని అప్పజెప్పింది. పైన గంట గణగణా మోగుతోంది.

“ఒకటో తరగతి కూడా ఈ వారం నువ్వే చూసుకోవాలమ్మా. మిగతావన్నీ ఆగినా ఫర్వాలేదు. అచ్చులు మాత్రం వచ్చేయాలి.”

“అచ్చులా మేడమ్?” డ్రాయింగ్ టీచర్ మొహం వెలిగిపోయింది.

“మరి! అవి రాకపోతే ముందు ముందు వీళ్ళకి ఏదీ రాదు. పొట్టివేవో పొడుగువేవో తేడా తెలియాలి. ఆఖర్న సున్నాలూ చుక్కలూ ఉంటాయి చూడు, అక్కడే తడబడతారు. చెయ్యి పట్టుకుని చేయించు. శుక్రవారం నేనే వచ్చి చూస్తా. బాగా వస్తే నీ ఉద్యోగం ఖాయం. రాలేదో, ఇంకొకరిని వెతుక్కోవాలి, తప్పదు.”

ఇంతకుముందు పనిచేసిన రెండు బళ్ళలోనూ ఒకటే పాట. పరీక్షలొస్తున్నాయమ్మా, నీ పీరియడ్ లెక్కలకిచ్చెయ్యి అనేవాళ్ళు. ఇచ్చీ ఇచ్చీ ఆఖరికి ఉద్యోగమే ఇచ్చేసి రావలసి వచ్చింది. ఇన్నాళ్ళకి బొమ్మల విలువ తెలిసిన మనిషి దొరికిందని ఆమెకి ఒళ్ళు పులకరించింది. ఆ సంబరంలో ఇంకో ప్రశ్న అడగాలని తోచనే లేదు.

ఆ సాయంత్రం నుంచీ వంటింటి మీద దాడి మొదలైంది.

“అమ్మాయ్, కూరల బుట్టకి తాళం వేయమంటావా?” అంది అత్తగారు.

“తొడిమ వైపు ముక్క ఒక్కటే అత్తయ్యా. రంగులో అద్దితే అచ్చంగా పువ్వులా పడుతుంది. మిగతాది కూరకే.”

మొగుడు కంచం ముందు కూర్చుని గరిటెతో కెలికి చూశాడు. “ఇవాళ కూడా తలల్లేని బెండకాయలేనా?”

“నా ఉద్యోగం నిలబడాలా వద్దా? మాట్లాడకుండా తినండి.”

హెడ్‌మిస్ట్రెస్ చెప్పిన ప్రతి మాటా ఆమె తుచ తప్పకుండా పాటించింది. క్యారెట్ అడ్డంగా కోస్తే పొట్టివి, నిలువుగా చీరితే పొడుగువి. సున్నాలకి సీసా మూతలు. చుక్కలకి పెన్సిల్ వెనకాల రబ్బరు. పిల్లలందరికీ అన్నీ వచ్చాయి గానీ బుడంకాయకి మాత్రం చుక్కలు కొరకరాని కొయ్యలయ్యాయి. వాడు చుక్క పెడితే చెరువయ్యేది.

“ముంచు. విదిలించు. అద్దు. తియ్యి. రుద్దకు! రుద్దకురా నా తండ్రీ, నీకు దణ్ణం పెడతా!”

గురువారం బడి వదిలే వేళకి ఆమె గొంతు పోయింది. ఓపిక అంతకుముందే పోయింది. చెయ్యి పట్టుకుని ఆఖరుసారి చేయించి వదిలేసింది. వాడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, తనంతట తానే ఒకటి అద్దాడు. గుండ్రంగా, ముత్యంలా పడింది.

“టీచర్! వచ్చేసింది!”

ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీలంపళ్ళ వాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది.

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ రానే వచ్చింది. గోడ పొడుగునా దారానికి వేలాడుతున్న కాగితాలు చూసి, “అబ్బో, గది భలే అలంకరించావే!” అని మురిసిపోయింది. తర్వాత పిల్లల వైపు తిరిగింది. “ఏమర్రా, అచ్చులు వచ్చాయా?”

“వచ్చాయండీ!” గది దద్దరిల్లింది.

“ఎవరినైనా అడగండి మేడమ్,” అంది డ్రాయింగ్ టీచర్ బొంగురు గొంతుతో. అని నాలుక కరుచుకుంది. హెడ్‌మిస్ట్రెస్ వేలు తిన్నగా వెళ్ళి బుడంకాయ మీదే ఆగింది మరి.

“పొట్టివీ పొడుగువీ తెలుసా నాన్నా?”

“తెలుసండి.”

“ఆఖర్న చుక్కలో?”

“అవైతే ఇంకా బాగా వచ్చండి!”

“శభాష్! నాలుగు రోజుల్లో ఇంత పని చేశావా? నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా,” అంది హెడ్‌మిస్ట్రెస్. డ్రాయింగ్ టీచర్ గుండె కుదుటపడింది. “ఏదీ నాన్నా, మొదటి నుంచీ వరసగా చెప్పు.”

బుడంకాయ చేతులు కట్టుకుని నిలబడి గొంతెత్తి అందుకున్నాడు. “బెండకాయ, ఉల్లిపాయ, బంగాళాదుంప, పొట్టి క్యారెట్, పొడుగు క్యారెట్, సీసామూత, రబ్బరు!”

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. గోడ మీది కాగితాలకేసి చూసింది. డ్రాయింగ్ టీచర్‌కేసి చూసింది. పెద్దగా నిట్టూర్చింది.

“ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు కూడా వెళ్ళి వాడి పక్కన కూర్చో.”

ఏమీ అర్థంకాక, ఆమె చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని బుడంకాయ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

హెడ్‌మిస్ట్రెస్ సుద్దముక్క అందుకుని, బోర్డు మీద పెద్ద ‘అ’ రాసింది.