ఖాకీకి కుట్టను

“అమ్మా, భుజం దగ్గర కుట్టు ఊడింది. రెండు కుట్లు వేసిస్తారా?”

టైలరమ్మ మిషన్ ఆపి తలెత్తింది.

గుమ్మంలో కొత్త కానిస్టేబుల్. ఒంటి మీద బనియను, చేతిలో ఖాకీ చొక్కా.

“ఖాకీకి నా మిషన్ కుట్టదు.”

“అదేంటమ్మా?”

“నన్నడుగుతావేం? వెళ్లి ఆ ఫ్యాక్టరీ వాళ్లనడుగు. మా మీద నిన్ను కాపలా పెట్టించింది వాళ్లేగా!”

అతను మిషన్ బల్ల మీదున్న పిన్నీసు చూపించి, “పోనీ, ఇది తీసుకోనా?” అన్నాడు.

“తీసుకుని ఏడువు. పిన్నీసుతో నా ఆస్తి కరిగిపోదులే.”

చొక్కా తొడుక్కుని, భుజానికి పిన్నీసు గుచ్చుకుని, వీధి మొదట్లో స్టూలు మీద కూర్చున్నాడు.

ఆమె నోరు చెడ్డదే. అయినా ఆ కోపంలో న్యాయం లేకపోలేదు.

వీధి వెనకాలే రంగుల ఫ్యాక్టరీ. అది వచ్చాక కుళాయి నీళ్లు చేదెక్కాయి. స్నానం చేస్తే ఒళ్లంతా దద్దుర్లు.

పోలీసులకు చెబితే మా పని కాదన్నారు.

నీళ్లు పరీక్షించే ఆఫీసు వాళ్లు ముందుగా ఫ్యాక్టరీకి కబురు పెట్టి, మర్నాడు తీరిగ్గా వచ్చారు. ఏం చోద్యమో, ఆ ఒక్క పూటా కుళాయిలో నీళ్లు అద్దంలా వచ్చాయి!

చివరికి వీధి వాళ్లే టెంటు వేసుకుని కూర్చున్నారు, కోర్టుకెక్కారు. టెంటు వేసిన వారానికే ఈ కానిస్టేబుల్ దిగాడు.

టైలరమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి. కేసు ఓడిపోతే, ఆ నీళ్లతో పసిబిడ్డకి స్నానమైనా చేయించలేక, పురిటికి ముందే ఇల్లు ఖాళీ చేసి పోవాలి. ఎక్కడికి పోవాలో మాత్రం అత్తకీ తెలీదు, కోడలికీ తెలీదు.

ఆ వీధిలో కుళాయి నీళ్లు ఎవరూ నోట్లో పోసుకోరు. అప్పోసప్పో చేసి క్యాన్లు కొనుక్కుంటారు.

కానిస్టేబుల్ మాత్రం దాహమేస్తే నేరుగా వెళ్లి కుళాయి కింద దోసిలి పట్టేవాడు.

“చూశారా నాటకం!” అంది టైలరమ్మ, టెంటులో అందరికీ వినబడేలా. “ఈ నీళ్లకేం, భేషుగ్గా ఉన్నాయని మనకి చూపిస్తున్నాడు. కంపెనీ వాళ్లు నేర్పించి పంపారు.”

“అంతేనంటావా?” అన్నాడు ఇస్త్రీ తాత.

“ఇంకేంటి మరి? పోలీసూ, ఆఫీసరూ, కంపెనీవాడూ అందరూ ఒకే తానులో ముక్కలు.”

కోడలికి మనసాగలేదు. ఒక రోజు గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లింది.

“బాబాయ్, ఆ నీళ్లు తాగకండి. ఇవి క్యాన్ నీళ్లు.”

“వద్దు తల్లీ, నాకవే బాగున్నాయి. నువ్వు మాత్రం వాటి జోలికి పోకు.”

ఆ గ్లాసు అలాగే వెనక్కి వచ్చింది.

“బాగా అయింది,” అంది అత్త. “అపాత్రదానం అంటే ఇదే.”

రోజులు గడిచేకొద్దీ అతని మొహం పీక్కుపోయింది. మెడ మీద దద్దుర్లు లేచాయి.

తర్వాత ఒక ఉదయం స్టూలు ఖాళీగా కనిపించింది.

“పీడ విరగడైంది!” అంది టైలరమ్మ.

కోర్టులో కంపెనీ లాయరు నవ్వుతూ లేచాడు.

“వీళ్లు సాక్ష్యమంటూ తెచ్చిన నీళ్ల సీసాల్లో వీళ్లే ఏదో కలిపారండీ. దద్దుర్లంటారా, సబ్బు మార్చుకోమనండి. ఆ నీళ్లు తాగి జబ్బుపడ్డ మనిషిని ఒక్కణ్ణి చూపించమనండి, చాలు!”

వీధి వీధంతా తల దించుకుంది. తాగితే కదా చూపించడానికి! ప్రాణభయంతో క్యాన్లు కొనుక్కోవడమే నేరమై కూర్చుంది.

టైలరమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇల్లు పోయినట్టే అనుకుంది.

“ఒకరున్నారు,” అంటూ వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. ప్రభుత్వాసుపత్రి డాక్టరు.

“ఆయన నా పేషెంటు. ఆ నీళ్లు ముట్టకముందే వచ్చి, పరీక్షకి రక్తం ఇచ్చారు. ఆ తర్వాత రోజూ ఆ నీళ్లే తాగారు. మళ్లీ వచ్చి రక్తం ఇచ్చారు. ముందు లేని రసాయనం ఇప్పుడుంది. అది ఆ ఫ్యాక్టరీలో తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా వాడరు.”

“తెలిసి తెలిసి ఎందుకు తాగాడమ్మా?” అన్నాడు జడ్జి.

“నేనూ చెడామడా తిట్టానండీ. ‘నాలాంటివాడు నోటితో చెబితే ఎవరూ నమ్మరు డాక్టరమ్మా, నా రక్తం చెబితే నమ్ముతారేమో’ అన్నారు.”

పేరు జడ్జి ఒక్కడికే చెప్పింది.

కంపెనీ లాయరు కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

ఫ్యాక్టరీ మురుగునీళ్లు వదిలే గొట్టం ఆ రోజే మూసేయమన్నారు. కంపెనీ ఖర్చుతోనే వీధికి మంచినీళ్లు ఇమ్మన్నారు.

టైలరమ్మ కోడల్ని పట్టుకుని ఏడ్చేసింది. బిడ్డ ఇక తన ఇంట్లోనే కళ్లు తెరుస్తుంది!

కళ్లు తుడుచుకుంటూనే పరిగెత్తి, మెట్ల మీద డాక్టరుని పట్టుకుంది.

“ఆ మహానుభావుడెవరో చెప్పమ్మా. కాళ్లకి దండం పెట్టుకుంటా.”

“చెప్పనని మాటిచ్చాను.”

“పోనీ, ప్రాణానికేం భయం లేదుగా?”

“లేదు. మెల్లగా కోలుకుంటున్నారు. కానీ ఇక ఈ ఊళ్లో ఉండరు.”

“అయ్యో! అయితే కొలతలైనా ఇప్పించమ్మా. మంచి గుడ్డ తీసి, నా చేత్తో కొత్త చొక్కా కుట్టి పంపిస్తా.”

డాక్టరు ఆమె మొహంలోకి చూసి మెల్లగా నవ్వింది.

“కొత్తదెందుకమ్మా? ఆయన పాత చొక్కా పంపిస్తాను, భుజం దగ్గర మీ పిన్నీసు తీసేసి రెండు కుట్లు వేయండి, చాలు.”