ఎదురు స్టూలు

"ఏసీ వేసే ఉంది కదండీ అత్తయ్యా, ఇంకా ఆ విసనకర్ర దేనికి?" అంది కోడలు సాయిప్రసన్న.

"అలవాటమ్మా" అంది మీనాకుమారి, విసురుకోవడం ఆపకుండా.

కుడి మణికట్టు వాచిపోయింది. గాజులు తీసి ఇంట్లో పెట్టి చాలా రోజులైంది. మూడు వారాల పాటు చెయ్యి కదపొద్దనీ, కట్టు కట్టించుకోమనీ డాక్టరు చెప్పి నెల దాటింది. ఆ మాట భర్త దగ్గర రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ జోగేశ్వరరావు మొహం పక్కకి తిప్పుకుని "ఈ ముహూర్తాలు వెళ్లనీ" అన్నాడు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో పింగాణీ సామాను అమ్మేవాడికి ముహూర్తాలు ఎప్పుడు వెళ్తాయి గనక?

"నాన్నది మరీ మొండితనం" అన్నాడు కొడుకు ప్రవీణ్, గొంతు తగ్గించి. "ఫోను మోగుతుంటే తియ్యరు. కాలింగ్ బెల్లు కొడితే లేవరు. నిన్ను మాత్రం పొద్దుటి నుంచీ ఆ స్టూలు మీద, కళ్లెదురుగా కూర్చోబెట్టుకోవాలి. ఇంటికెళ్లి పడుకోమ్మా. కొట్టు నేను చూస్తాగా."

"ఇవాళ వద్దురా. ఆ జర్మనీ అమ్మాయి వస్తోంది కదా."

కొట్టుకి ఉన్న పేరంతా జోగేశ్వరరావు చెవిది. కప్పుని మూడు వేళ్ల మీద నిలబెట్టి అంచు మీద గోటితో కొడతాడు. ఖంగుమని మోత సాగితే మంచి కప్పు. మొద్దుగా ఆగిపోతే, కంటికి ఆనని పగులు ఎక్కడో ఉన్నట్టు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నా కొవ్వూరు నుంచీ రామచంద్రపురం నుంచీ జనం పనిగట్టుకుని వచ్చేది అందుకే. రావుగారు మోగించి ఇచ్చారంటే మనవల దాకా ఉంటుందని వాళ్ల నమ్మకం.

పదకొండింటికి క్లారా కారు దిగింది. హాల్‌బెర్గర్ కంపెనీ వాళ్ల ఆడపిల్ల. ఐదు తరాలుగా ఆ ఒక్క కుటుంబమే పింగాణీ చేస్తోంది. ఇప్పుడు ఇంటి చరిత్ర పుస్తకంగా రాస్తూ, తమ సరుకు అమ్మే పాత కొట్లన్నీ చూసుకుంటూ వస్తోంది. ఆమె ఇంగ్లీషులో చెప్పేది ప్రవీణ్ తెలుగులో చెబుతున్నాడు.

"వాళ్ల మూలపురుషుడి చెవి దాటకుండా ఒక్క కప్పు కూడా గేటు దాటేది కాదట నాన్నా. ఇప్పుడా పని మెషీన్ చేస్తోందట. చేత్తో మోగించేవాళ్లు ఇంకా ఉన్నారంటే నమ్మలేక మిమ్మల్ని చూడ్డానికి వచ్చిందట."

క్లారా ఒక పాత ఫొటో చూపించింది. గడ్డం ఆయన బల్ల ముందు కప్పు పట్టుకుని ఉన్నాడు. బల్లకి అవతల, సరిగ్గా ఆయనకి ఎదురుగా, ఒకావిడ ఊలు అల్లుతూ కూర్చుంది.

"ఈవిడెవరు?" అంది మీనాకుమారి.

"ఆయన భార్యట. పొద్దస్తమానం అక్కడే కూర్చుని అల్లుకుంటూ ఉండేదట, ఎందుకో మరి."

"పేరేంటి?"

ప్రవీణ్ అడిగాడు. క్లారా కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"ఎక్కడా రాసిపెట్టలేదటమ్మా."

మీనాకుమారి ఆ ఫొటోని చాలాసేపు చూసింది. "పాపం, చేతులు ఎంత నొప్పెట్టేవో" అంది. ప్రవీణ్ ఆ మాట క్లారాకి చెప్పలేదు.

క్లారా స్టాండు మీద కెమెరా బిగించి, పన్నెండు కప్పులు వరసగా పేర్చింది. ఒకదానికి లోపల పగులుంది. ఏదో ఆమెకి తప్ప తెలీదు.

"అమ్మా, నువ్వు ఫొటోలో పడుతున్నావట. కాసేపు వెనక గదిలోకి వెళ్లు."

మీనాకుమారి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. జోగేశ్వరరావు పట్టుకున్న కప్పు కింద పెట్టేశాడు.

"మీ అమ్మ ఎక్కడికీ వెళ్లదు."

"రెండు నిమిషాలే కదా నాన్నా!"

"అయితే రెండు నిమిషాలూ నేనూ మోగించను."

పనివాళ్లు మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నారు. సంగతి తెలిసి క్లారా గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో అంది.

"ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా ఇంత ప్రేమా అంటోందమ్మా!"

"ఆ, ప్రేమే" అంది మీనాకుమారి, మళ్లీ స్టూలు మీద కూలబడుతూ.

జోగేశ్వరరావు కప్పు మోగించాడు, తలెత్తి భార్య వైపు చూశాడు, కుడి పక్కన పెట్టాడు. రెండోది. మూడోది. అలా ఆరు అయ్యాయి. ఏడో కప్పు దగ్గర మీనాకుమారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"మళ్లీ సలుపుతోందా అత్తయ్యా?" సాయిప్రసన్న చెవిలో అడిగింది.

జోగేశ్వరరావు ఏడో కప్పుని ఎడం పక్కన పెట్టాడు. మిగతా అయిదూ కుడి పక్కకి వెళ్లాయి.

క్లారా ఏడో కప్పు బోర్లించింది. అడుగున ఎర్ర చుక్క ఉంది. చప్పట్లు కొడుతూ ఆమె చెప్పింది విని ప్రవీణ్ తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా, మీ పేరు పుస్తకంలో వేస్తారట! మన రాష్ట్రానికొచ్చే సరుకంతా ఇకమీదట ఇక్కడే దింపుతారట. మీరు మోగించాకే మిగతా కొట్లకి వెళ్తుందట!"

మీనాకుమారి విసనకర్ర ఒళ్లో పెట్టుకుని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

అందరూ క్లారాని కారెక్కించడానికి వెళ్లాక జోగేశ్వరరావు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. వాచిన చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"వద్దని చెప్పేద్దామా?"

"ఏమని చెబుతారు?"

"రేపే వెళ్లి కట్టు కట్టించుకుందాం" అన్నాడు. ఇంకేదో అడగాలని తటపటాయించాడు.

"ఎడం చేత్తో విసరగలవా మీనా?"

మీనాకుమారి విసనకర్రని ఎడం చేతిలోకి మార్చుకుంది.

మాటలు వినిపిస్తున్నా, కప్పు మోత జోగేశ్వరరావు చెవిన పడి మూడేళ్లయింది.