రెండో గింజ

"తలసేమియా తల్లి నుంచే వస్తాది మేడం. మేం అందరికీ అట్నే చెప్తాం," అంది నర్సు సాహిరా.

ముత్తుకూరులో నర్సులకు జన్యువుల పాఠం చెప్పడానికి వెళ్లాను. నా మనవడు ఈ రక్తపు జబ్బుతోనే పోయినప్పుడు సాహిరా ఈ మాటే అంది. అది విని అత్తవారు నా కూతురు మెర్లిన్‌ను ఇంట్లోంచి వెళ్లగొట్టారు.

"చేయి చాపు. నీ అరచేయి బిడ్డ అనుకో," అంటూ ఆమె అరచేతిలో ఒక చింతగింజ పెట్టాను. "ఇది తల్లి ఇచ్చిన జబ్బు జన్యువు. ఇదొక్కటే అయితే జబ్బు రాదు."

రెండో గింజను గట్టిగా నొక్కి పెట్టాను. "తండ్రి ఇచ్చింది. రెండూ చేరితేనే జబ్బు. ఇప్పుడు చెప్పు, తల్లి ఒక్కతేనా?"

సాహిరా గుప్పిట మూసుకుంది. "నా బిడ్డ కూడా దీంతోనే పోయినాడు మేడం. అందరూ నన్నే అన్నారు. నేనూ నమ్మినాను."

నా చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఈ గింజలు తీసుకుపోతా మేడం. మా అత్తకు చూపించాల."

"ముందు మెర్లిన్ అత్తకు చూపించు," అన్నాను.